ఉతుకుడు బండ మీద అలలు

“సీమోళ్ళకి సముద్రం ఎక్కడిదన్నా?” అని నవ్వాడు మా వాడు, సిలిండర్ వీపుకెత్తుకుంటూ. వాడిది శ్రీకాకుళం జిల్లాలో తీరం మీది ఊరు. నాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇద్దరం శాన్ డియేగోలో ఒకే ఆఫీసులో కోడ్ రాసుకుని బతుకుతున్నాం. ఫిబ్రవరి నెల, రాత్రి ఏడున్నర. లా హోయా షోర్స్ బీచ్ పక్కన కారు ఆపుకుని, చలికి వణుకుతూ, ఒళ్ళు పట్టేసే రబ్బరు సూట్లలోకి దూరుతున్నాం.

“మాకు దిగుడుబావి ఉంది కదరా,” అన్నాను.

ఊరికే అన్న మాట కాదు. నేను ఈత నేర్చుకుంది నడుముకి బెండ్లు కట్టుకుని మా ఊరి బావిలోనే. బావిలో ఉండే సుఖం ఏంటంటే, ఎటు పోయినా నాలుగు బారల్లో గోడ తగులుతుంది. సముద్రంలో నన్ను భయపెట్టింది ఎప్పుడూ లోతు కాదు, గోడ లేకపోవడం. రాత్రిపూట అయితే ఆ లేకపోవడం ఇంకా పెద్దదవుతుంది.

రాత్రి డైవింగ్ అంటే చాలామంది పడవ మీంచి వెనక్కి పడిపోవడం అనుకుంటారు. ఒడ్డు నుంచి దిగే పద్ధతి వేరు, అందులో హీరోయిజం ఏమీ లేదు. ముప్ఫై కిలోల సరంజామాతో మోకాలి లోతు నీళ్ళలో తూలుతూ నడవాలి. కాళ్ళు ఎత్తకూడదు, ఇసకలో ఈడ్చుకుంటూ పోవాలి. ఇసక కింద ముల్లుతోక టేకు చేపలు పడుకుని ఉంటాయి. కాలు ఈడిస్తే అవి ముందే తప్పుకుంటాయి, తొక్కితే పొడుస్తాయి. అలలు విరిగే చోటు దాటాక వెనక్కి తిరిగి ఒడ్డు మీద రెండు దీపాలు గుర్తు పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండూ ఒకే వరసలో కనపడితే దారి సరిగ్గా ఉన్నట్టు. ఒకడికి రెండు టార్చీలు, ఒకటి ఆరిపోతే ఇంకోటి. టార్చితో సున్నా చుడితే ‘బాగున్నాను’ అని.

మునిగాం.

లా హోయా షోర్స్‌లో ఒడ్డుకి దగ్గర్లోనే ఇసక నేల వాలిపోయి, ఒక లోయ అంచుకి చేరుతుంది. నీళ్ళ అడుగున ఉన్న నిజమైన లోయ. పక్కనే ఉన్న స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు దీన్ని కొన్ని దశాబ్దాలుగా చదువుతున్నారు. 1965లో అమెరికా నౌకాదళం సీల్యాబ్ టూ అనే ఇనప ఇంటిని ఇక్కడికి దగ్గర్లోనే 62 మీటర్ల లోతున పెట్టి, మనుషులను జట్లుగా అందులో కాపురం ఉంచింది. వాళ్ళకి ఉత్తరాలు మోసింది టఫీ అనే డాల్ఫిన్. మేం అంత లోతుకి పోలేదు. పదిహేను మీటర్లు, నలభై నిమిషాలు, అంతే.

పగలు ఇదే చోట దిగితే ఖాళీ ఇసక తప్ప పెద్దగా ఏమీ కనపడదు. రాత్రి దిగితే ఊరంతా వీధిలోకి వచ్చినట్టుంటుంది. కొబ్బరిచిప్పంత ఆక్టోపస్ ఒకటి కళ్ళ కింద నీలం చుక్కలతో ఇసక మీద నడుస్తోంది. మా వెలుతురు పడగానే రంగు మార్చుకుని, చాలక, ఇసకలోకే ఇంకిపోయింది. పొడుగు కాళ్ళ పీత ఒకటి ఒంటి నిండా నాచు అంటించుకుని, పెళ్ళికి ఆలస్యమైన ముసలమ్మలా పోతోంది. ఇసకలోంచి గొట్టాల్లా లేచిన అనిమోన్లు మీసాలు విప్పుకుని ఉన్నాయి. అంచు దగ్గర ఇసకలో తెల్లటి మెత్తటి వేళ్ళ గుత్తులు కనపడ్డాయి. అవి స్క్విడ్ గుడ్ల సంచులు. చలికాలపు రాత్రుళ్ళలో స్క్విడ్‌లు గుంపులుగా ఈ లోయ అంచుకొచ్చి, జత కట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. జాన్ మెక్‌గోవన్ అనే ఆయన ఇక్కడే దిగి చూసి 1954లో దీని గురించి రాశాడు. మేం పోయేసరికి సంబరం అయిపోయింది, పందిరి మాత్రం మిగిలింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది నవానాక్స్ అనే నల్లటి సముద్రపు నత్త. పైన గుల్ల ఉండదు, ఒంటి మీద పసుపు గీతలు, నీలం చుక్కలు. ఇది వేరే నత్తలను తింటుంది. కళ్ళతో వెతకదు. అవి పాకుతూ వదిలిన జిగురు చార మీదకి ఎక్కి, దాన్నే పట్టుకుని పోయి, చివర దొరికినదాన్ని మింగేస్తుంది. దాని వెనకే కొంచెం దూరం పోవాలని టార్చి కిందికి దించి, దాదాపు నేలకి ఆనించి పట్టుకున్నాను. వెలుతురు అడ్డంగా పడింది.

అప్పుడు కనపడింది ఇసక.

వేళ్ళతో దువ్వినట్టు గాడులు. ఒక గట్టు, ఒక గాడి, మళ్ళీ గట్టు. గట్ల నడుమ బెత్తెడు దూరం. అక్కడక్కడా ఒక గట్టు రెండుగా చీలి ముందుకి పోయి మళ్ళీ కలుస్తోంది. పైనుంచి వెలుతురు వేస్తే చదునుగా కనిపించిన నేల, పక్కనుంచి వేసేసరికి ఇలా లేచింది. నేను ఈ నేలని ఇంతకుముందు చూశాను. చూడటమే కాదు, దీని మీద కూర్చుని స్నానం చేశాను. మా ఇంటి వెనక మా జేజి గుడ్డలు ఉతికే బండ ఇదే. ఇదే గట్టు, ఇదే గాడి, ఇదే చీలిక. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ఎవరికీ ఏమీ చెప్పలేం. మా వాడు టార్చితో సున్నా చుట్టి, ఏమైందన్నట్టు చూశాడు. నేనూ సున్నా చుట్టాను.

ఆ బండని మా జేజినాయన గండికోట గుట్టల వైపు నుంచి బండి మీద తెచ్చాడట. ఆయన బండల పని చేసేవాడు. బండలు కొనేవాళ్ళకి చదును కావాలి. గీతలున్నది, ఉబ్బున్నది, చారలు లేచినది అన్నీ పక్కకి పోతాయి. “దీని మింద నీళ్ళు పారినట్టుంది, ఎవురూ కొనరు” అని ఇంటికి తెచ్చి పడేశాడు. జేజికి బాగా పనికొచ్చింది. గాడులుండేసరికి సబ్బు నీళ్ళు నిలవవు, గుడ్డ జారదు. నీళ్ళు పారినట్టుంది అని జేజినాయన అన్న మాట నాకు పాతికేళ్ళ తర్వాత, పసిఫిక్ అడుగున, మాట్లాడే వీలు లేని చోట అర్థమైంది.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చేసిన పని, మా జిల్లా గురించి భూగర్భ శాస్త్రజ్ఞులు రాసింది చదవడం. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, కాబట్టి ఇది తెలిసినవాళ్ళకి చెప్పే సంగతి కాదు, నాలాగ తెలియనివాళ్ళకి.

కడప, కర్నూలు జిల్లాల్లో చాలా భాగం ఒక పాత సముద్రపు తొట్టి. నెలవంక ఆకారంలో, ఇంచుమించు 44,500 చదరపు కిలోమీటర్ల మేర. దీన్ని మొదట ఊరూరా తిరిగి పటం గీసి, పొరలుగా విడదీసి పుస్తకం చేసినవాడు భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్. పుస్తకం 1872లో వచ్చింది. ఈయన తండ్రి పేరూ విలియం కింగే. ఐర్లండ్‌లోని గాల్వేలో ప్రొఫెసర్. నియాండర్తల్ మనిషికి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. తండ్రి ఒక పాత పుర్రె చూసి ఇది మన జాతి కాదన్నాడు, కొడుకు పాపఘ్ని ఒడ్డున రాళ్ళు లెక్కపెట్టాడు. ఇంట్లో కబుర్లు ఎలా ఉండేవో!

కింగ్ చేసిన ఒక పని నాకు భలే నచ్చింది. పొరలకి ఇక్కడి పేర్లే పెట్టాడు. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. తర్వాతవాళ్ళు కొన్ని మార్చారు, కొన్ని చేర్చారు. ఇప్పుడు కర్నూలు సముదాయం అనే పొరల వరస కింద నుంచి పైకి చదివితే బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ బస్టాండులో పలక చదివినట్టుంటుంది. ప్రపంచంలో ఎక్కడ కూర్చుని ఈ రాళ్ళ మీద థీసిస్ రాసినా అవుకు పేరు పలకాల్సిందే. బనగానపల్లె పొర ఆనాటి తీరం దగ్గర పేరుకున్న గులకరాళ్ళ ముద్ద. పాతకాలంలో వజ్రాల కోసం తవ్వింది దాన్నే. నార్జి పొర సున్నపురాయి. బెలుం గుహలు తొలిచి ఉన్నది ఈ రాతిలోనే. సముద్రం పరిచిపోయిన రాయిని, ఎన్నో యుగాల తర్వాత మంచినీళ్ళు 3,229 మీటర్ల పొడవున కరిగించి గదులు చేశాయి.

కింగ్ కాలంలో ఈ రాళ్ళతో ఒక చిక్కుండేది. ఒక పొర వయసు తెలియాలంటే అందులో దొరికే గవ్వనో, చేప ముల్లునో చూసి ఫలానా కాలం అని చెప్పేవాళ్ళు. కడప రాళ్ళలో గవ్వ లేదు, ముల్లు లేదు. సముద్రం ఉంది, అలల గుర్తులున్నాయి, ఎండకి పగుళ్ళిచ్చిన బురద గుర్తులున్నాయి, ప్రాణి లేదు. 1906లో థామస్ హాలండ్ ఇలాంటి పొరలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టాడు. సంస్కృతం నుంచి తీసుకుని, ‘పురాణ’. భూగర్భ శాస్త్రంలో ఇప్పటికీ వీటిని పురాణ తొట్లు అనే అంటారు. శాస్త్రానికి పురాణాలతో పనేంటి అనేవాళ్ళకి చెప్పడానికి బాగుంటుంది.

ప్రాణి లేదనడం తప్పని తర్వాత తేలింది. వెతికే రూపం వేరు, అంతే. వేంపల్లె దగ్గర డోలమైట్ రాతిని అడ్డంగా చూస్తే ఉల్లిపాయ కోసినట్టు పొర మీద పొర, గుమ్మటాలుగా, నిలువు స్తంభాలుగా కనపడుతుంది. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. కంటికి కనపడని నీలి ఆకుపచ్చ బాక్టీరియా ఎండ తగిలే లోతులేని నీళ్ళలో జిగురు తివాచీలా పరుచుకుని ఉండేది. దాని మీద సన్నటి మడ్డి పడేది. తివాచీ మళ్ళీ వెలుతురు కోసం మడ్డి పైకి పాకేది. మళ్ళీ మడ్డి. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగని ఇల్లు అది. వేంపల్లె పొర మందం వందల మీటర్లు. ఎన్నేళ్ళ పనో ఊహించండి. పులివెందుల దగ్గర ఈ తొట్టి రాళ్ళలోకి కిందనుంచి కరిగిన శిల చొరబడి గడ్డకట్టిన చోటు ఒకటుంది. దాని వయసు 188 కోట్ల ఏళ్ళకి కొంచెం పైన. వేంపల్లె పొర అంతకన్నా కింద ఉంది కాబట్టి అంతకన్నా పాతది.

ఆ సముద్రంలో రాత్రి దిగితే ఏం కనపడేది?

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ముందు రాత్రే చిన్నది. భూమి అప్పుడు ఇంకా వేగంగా తిరిగేది. 140 కోట్ల ఏళ్ళ క్రితం రోజు 18 గంటల 40 నిమిషాలకి అటూ ఇటూగా ఉండేదని 2018లో ఒక లెక్క కట్టారు. టార్చి వేస్తే గుమ్మటాలు, వాటి మీద జిగురు, వాటి మధ్య ఇసక, ఇసకలో గాడులు. ఆక్టోపస్ లేదు, పీత లేదు, చేప లేదు. దాక్కునేది లేదు, వెంటాడేది లేదు. కన్ను అనే వస్తువే ఇంకా భూమ్మీదకి రాలేదు. ఎండ ఎంత కాసినా ఆ సముద్రాన్ని చూసినవాళ్ళెవరూ లేరు. కవిత్వంగా అనిపిస్తే నా తప్పు కాదు, జీవశాస్త్రం అదే.

లా హోయాలో నేను చూసిన నత్తకీ వేంపల్లె గుమ్మటాలకీ లావాదేవీ ఉంది. స్ట్రొమటోలైట్లు ఒకప్పుడు ప్రపంచమంతా ఉండేవి. తర్వాత ఎందుకు తగ్గిపోయాయి అంటే, చాలామంది ఒప్పుకునే కారణం, జంతువులు పుట్టాయి అని. నత్తలు, పురుగులు, ఇసక తవ్వేవి, నాచు గీకేవి. జిగురు తివాచీ వాటికి పరిచిన విస్తరి. అదొక్కటే కారణం కాదు, నీళ్ళలో రసాయనాలు కూడా మారాయి అనే వాదన ఉంది, అదీ కొట్టేయలేం. కానీ ఇప్పటికీ అవి బాగా బతికున్న చోటు చూడండి. ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే. అక్కడ హామెలిన్ పూల్ అనే మడుగులో ఉప్పు మామూలు సముద్రానికి దాదాపు రెండింతలు. గీకి తినే ప్రాణులు చాలా మటుకు అక్కడ బతకలేవు. తినేవాళ్ళు లేరు కాబట్టి వేంపల్లె అక్కడ ఇంకా కొనసాగుతోంది. ఆ రాత్రి నేను ముచ్చటపడి వెంటబడిన జనమంతా, మా ఊరి పాత కాపురస్తులని ఖాళీ చేయించిన వాళ్ళ వారసులన్న మాట.

ఇక్కడ చిన్న పిట్టకథ. మేం దిగిన ఆ శాన్ డియేగో నుంచే యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చాడు. వాల్తేరులో సముద్ర శాస్త్రం చదువు మొదలుపెట్టిన వాళ్ళలో ఆయనొకడు. తర్వాత మన తీరం అవతల, సముద్రం కింద ఉన్న లోయల గురించి 1964లో వ్యాసం రాస్తూ వాటిని ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్నాడు. మహదేవన్ అంటే వాల్తేరులో భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. ఇది చెప్తే మా శ్రీకాకుళం వాడు కాసేపు మాట్లాడలేదు. వాడి ఊరి వైపు సముద్రంలో లోయలున్నాయని వాడికీ తెలీదు. సముద్రం పక్కన పుట్టినంత మాత్రాన సముద్రం తెలిసినట్టు కాదని నాకు కొంచెం ఊరట.

మన రాళ్ళ సంగతికొస్తే, వాటిని మనం వాడుకోవడంలో లోటేమీ చేయలేదు. ముంబయిలో వంటింటి గట్టు మీద నల్లరాయిని కడప్పా అనే పిలుస్తారు. అదొక ఊరి పేరని అక్కడ చాలామందికి తెలీదు. సున్నపురాయి సిమెంటవుతోంది. వేంపల్లె పొరలో, ఆ గుమ్మటాల రాతిలోనే, భాస్వరంతో పాటు యురేనియం చేరి ఉంది. తుమ్మలపల్లె గని తవ్వుతున్నది దాన్నే. ఇవన్నీ ఆపేయాలని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో మూడు తరాలు బండ మీదే తిన్నాయి. నా ఇంజనీరింగ్ ఫీజు కూడా బండే. కానీ ఆ బడిలో, ఆ కాలేజీలో, ఒక్క మాస్టారూ మమ్మల్ని గుట్ట దగ్గరికి తీసుకుపోయి ఇది చూడండ్రా అనలేదు. కరువు సీమ అని మాత్రం చెప్పారు. పాఠాల్లో, సినిమాల్లో, కథల్లో కూడా. కరువు అబద్ధం కాదు. కాకపోతే రాయలసీమ అనగానే నీళ్ళు లేనితనం నుంచే మొదలుపెట్టడం మనకి అలవాటైపోయింది. నేనూ అలాగే మొదలుపెట్టేవాణ్ణి, దిగుడుబావి అని జవాబు చెప్పి.

కిందటి డిసెంబరులో ఇంటికి పోయాను. పాత మిద్దె లేదు, పైన అంతస్తు లేచింది, వాషింగ్ మెషిన్ వచ్చింది. జేజి, జేజినాయన ఇద్దరూ లేరు. బండ ఏదని అమ్మనడిగితే “యాడుందో, మీ నాయన్నడుగు” అంది. నాయన నన్ను పెరట్లోకి తీసుకుపోయి, మురిక్కాలవ మీద మూతగా వేసిన రాయి చూపించాడు. గాడులున్న వైపు కిందికి, చదును వైపు పైకి. మంచిపనే, కాలు తట్టుకోదు.

ఇద్దరం గడ్డపార పెట్టి తిరగేసేసరికి చీకటి పడింది. నాయన ఒక బిందె నీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దాడు. నేను ఫోన్ టార్చి వెలిగించి, బండకి ఆనించి అడ్డంగా పట్టుకున్నాను. గట్లు లేచాయి. నాయన వంగి చాలాసేపు చూశాడు. వేలితో ఒక గట్టు మీద గీస్తూ, “ఈ పక్క వాలుగా ఉంది, ఆ పక్క నిలువుగా ఉందే?” అన్నాడు. నీళ్ళు ఒక వైపు నుంచి ఎక్కువ తోస్తే గట్టుకి అటు పక్క వాలుగా, ఇటు పక్క నిలువుగా అవుతుందని, దాన్ని బట్టి నీళ్ళు ఎటు పోయాయో చెప్పొచ్చని చెప్పాను.

“అయితే సముద్రం ఎటు నుంచి వచ్చినట్టు?” అన్నాడు.

అది చెప్పాలంటే బండ గుట్ట మీద ఉన్నప్పుడు ఏ దిక్కుకి తిరిగి ఉండేదో తెలియాలి. ఇంటికొచ్చినప్పుడే ఒకసారి తిరిగింది, కాలవ మీదకి ఇంకోసారి. గుట్టలో అది ఎక్కడిదో తెలిసినవాడు జేజినాయన ఒక్కడే. ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

“పొద్దున్నే గండికోట వైపు పోయొద్దాం నాయనా,” అన్నాను. “అక్కడ కదలనివి ఉంటాయి.”

సరేనన్నాడు. ముందు కాలవ మీదకి వేరే మూత వెతకాలన్నాడు.